నులకతాడు గంట

గూడూరు బజారులో లూథరన్ గుడికి
మూడు పక్కలా కొట్లే.
లోపలికొస్తే సాంబ్రాణి కాదు, నిమ్మకాయల మార్కెట్టు వాసన.
ప్రహరీ మీద ఎన్నికల రాతలు,
సున్నం కింద సున్నం, గుర్తు కింద గుర్తు.
ప్రసంగం మధ్యలో నెల్లూరు బస్సు కండక్టరు కేకేస్తే
అయ్యగారు ఆగుతాడు.
వెనక వరసలో ఎవరో "ఆమెన్" అంటారు.

గంట మీద జర్మను అక్షరాలు.
చదివినోళ్ళు లేరు.
పెద్ద యుద్ధంలో పోలీసులొచ్చి
ఇక్కడి దొరని రైలెక్కించారంట.
చేసిన తప్పేమీ లేదు, పుట్టిన చోటే తప్పు.
అది విని మాలపల్లెలో ఒక ముసలాయన
"అయితే దొర మనోడే" అన్నాడంట.
తలుపుకి లక్క సీలు.
నాలుగేళ్ళు పావురాలే పాస్టర్లు.

ఇదంతా విన్నది.
నేను చూసింది వేరే.

నాకు పదకొండేళ్ళప్పుడు
కోశాధికారి తిమోతిగారు గుడికి కొత్త పెంకులు వేయించాడు.
డబ్బు సారా కాంట్రాక్టరుది.
మా నాయన కూలంతా ఆ కాంట్రాక్టరు కొట్లోనే పోసేవాడు.
అంటే కప్పు మీద కొన్ని పెంకులు మావే.
వానొచ్చినప్పుడల్లా మా అమ్మ నిరీక్షణమ్మ
తల పైకెత్తి లెక్కబెట్టేది.

రాత్రి బడి గుడి వసారాలోనే.
అమ్మ 'అ' దిద్దిన ఆరో నెలలో
సంస్కరణ పండగ వచ్చింది.
ఆ జర్మనీ గురువు గుడి తలుపుకి
తొంభై అయిదు మాటలు రాసి కొట్టాడని
అయ్యగారు చెప్పాడు.
"అన్నీ రాయాల్నా అయ్యా? ఒకటి చాలదా?"
అమ్మ నిజంగానే అడిగింది.
అందరూ నవ్వారు.

సోమవారం పొద్దున తలుపు మీద
చెప్పులు కుట్టే మేకులు నాలుగు, నోటుబుక్కు కాగితం ఒకటి:
"సారా డబు పెంకులు పీకండి. మేం తడుస్తాం."
డబ్బుకి ఒత్తు మరిచిపోయింది.
మిగతాదంతా ఒత్తి రాసింది.

వేలంపాట గురువారం.
ఆ రోజు గంట కొడతారని తెలిసి
తిమోతిగారు తాడు కోయించాడు.
ఆ రాత్రి మా వీధిలో ఆడోళ్ళు
మంచాలు తిరగేసి నులక విప్పారు.
పెంచలమ్మ చేదతాడిచ్చింది, ఆమె గుడికొచ్చే మనిషి కాదు.
మస్తాన్‌బీ మేకని విప్పి పలుపు ఇచ్చింది,
మేక తెల్లారేదాకా వీధిలో తిరిగింది.
ఇంటిల్లిపాదీ నేల మీదే పడుకున్నాం.
నాయన తిట్టి తిట్టి
చాప అడిగాడు.

గురువారం గంట మోగితే చావు కబురే కావాలి.
మార్కెట్టులో కాటాలు ఆగిపోయాయి.
"ఎవరు పోయారు?" అని
చెన్నూరు నుంచి, నెల్లటూరు నుంచి
పరిగెత్తుకుంటా వచ్చారు.
"ఇంకా పోలేదు, పోకముందే పిలిచాం" అంది అమ్మ,
తాడు వదలకుండా.
ఎక్సైజు ఆఫీసు మెట్ల మీద
పాట పాడేవాడికి నిలబడే చోటు దొరకలేదు.

ఆ రోజు ఆగింది.
తరవాత జరిగింది, మళ్ళీ ఆగింది,
చట్టమొచ్చింది, చట్టం పోయింది.
ఇప్పుడు గుడి ఎదురుగానే బ్రాందీ షాపు,
క్యూ మా గేటు దాకా.
నాయన మానలేదు. కాకపోతే
గంట వినపడితే లేచి కూర్చునేవాడు, పోయేదాకా.

ఎన్నికలప్పుడు అన్ని పార్టీలోళ్ళూ వస్తారు,
గంట కింద ఫోటో దిగుతారు.
కమిటీ కరెంటు గంట పెడతానంటోంది.
పాత తాడు దించుదామంటే
ముళ్ళు ఎవరికీ విప్పడం రాలా.
మొత్తం పదిహేడు. మేక పలుపు ముడి అన్నిటికన్నా గట్టిది.

మొన్న రంగులేసే కుర్రాడు
తలుపు మీద మేకుల బొక్కలకి లప్పం పెట్టబోయాడు.
అమ్మ చేతికర్ర అడ్డం పెట్టింది.
వాడికేం అర్థం కాలా.
మూడు బొక్కల్లో దుమ్ము.
నాలుగోదాన్లో చీమలు కాపురం పెట్టినాయి,
ఏ కమిటీనీ అడక్కుండా.